పాఠకుని పక్షం వహించిన పండితుడు

చెప్పు కరచినప్పుడు ఎవరూ కాలిని నిందించరు. కొడవలి పిడి అరచేతిని ఒరుసుకొంటే పిడిని నున్నగా చెక్కించుకొంటారు గాని చేతిని చెక్కించుకోరు. ఇంత సులభమైన న్యాయం పుస్తకం విషయంలో మాత్రం చాలాకాలం తలక్రిందులుగా నడిచింది. పాఠం అర్థం కాకపోతే తప్పు పిల్లవానిది. వాని బుద్ధి మందం, వాని నాలుక మోటు. పుస్తకం మాత్రం నిర్దోషి.

ఈనాడు యంత్రాలను, టెలిఫోను తెరలను, కంప్యూటరు తెరలను రూపొందించేవారు ఈ సంగతిని ఒక శాస్త్రంగానే అభ్యసిస్తున్నారు. మీట ఎక్కడ ఉంటే చేయి తడుముకోకుండా దానిని చేరుతుంది, ఏ మాట కనబడితే మనస్సు తొట్రుపడదు, ఎన్ని సంగతులు ఒక్కసారిగా ముందు పెడితే మనిషి బెదరిపోతాడు అనే ప్రశ్నలకు మనస్తత్వశాస్త్రంలో సమాధానాలు వెదుకుతున్నారు. అంతటితో పని తీరదు. ఎదుటివాని తెలియనితనాన్ని ఆసరాగా తీసుకొని మోసగించకుండా ఉండడం, చదువు తక్కువైనవానిని గుమ్మం బయట నిలబెట్టకుండా ఉండడం నీతికి సంబంధించిన విషయాలు. ఈ రెండూ కలిసినప్పుడే ఒక వస్తువు వాడుకొనేవానికి అనుకూలంగా తయారవుతుంది.

కంప్యూటరు అన్న మాట తెలుగునాట వినబడడానికి ఎంతో ముందే, ఈ ప్రశ్న విశాఖపట్నంలో బడిపుస్తకాన్ని గురించి పుట్టింది. దానికి సమాధానం చెప్పడానికి జీవితాన్ని ధారపోసినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన వంశధారా తీరంలో, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడనే 1875లో ఆయన జ్వరంతో కాలధర్మం చెందారు. పన్నెండేళ్ల పిల్లవాడు అప్పటినుండి సొంత పట్టుదల మీదనే చదువుకోవలసివచ్చింది. విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరి 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఆ చెలిమి తరువాత ముప్పై సంవత్సరాలకు తెలుగు భాష గతినే మార్చగలదని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో రామమూర్తిగారు ఉపాధ్యాయులుగా చేరారు. ప్రైవేటుగా చదువుకొంటూనే పట్టభద్రులై, క్రమంగా అక్కడి కళాశాలలో చరిత్ర బోధించే స్థాయికి వచ్చారు. ముఖలింగం దేవాలయంలోని శాసనాలను చదవడానికి ప్రాచీన లిపులను ఎవరి సహాయమూ లేకుండా నేర్చుకొన్నారు. పాతకాలపు తెలుగువారు రాతిమీద చెక్కించిన భాషకూ, తమ కాలపు వ్యాకరణాలు శాసించే భాషకూ ఎంత అంతరం ఉన్నదో ఆ రాళ్లే ఆయనకు మొదట చూపాయి.

పర్లాకిమిడి చుట్టుప్రక్కల కొండలలో సవరలు నివసిస్తారు. సంతకు వచ్చి అడవి సరుకులు అమ్ముకొంటారు. కచ్చేరీలో పనిపడితే వచ్చి నిలబడతారు. అయితే వారి మాట పట్నంవారికి తెలియదు, పట్నంవారి మాట వారికి తెలియదు. లెక్క తెలియనివానిని వర్తకుడు ఎంతకైనా దించగలడు. భాష తెలియనివాని గోడు అధికారి చెవికి చేరదు. చదువు చెప్పించుదామా అంటే బడి ఉన్నది తెలుగులోనో ఒడియాలోనో. చూచేవారు సవరలకు చదువు రాదని తేల్చివేశారు. రామమూర్తిగారు మాత్రం చదువే ఇంతవరకు సవరల దగ్గరకు రాలేదని గ్రహించారు.

సవర భాషకు అప్పటికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. ఆయన రెండు భాషలూ తెలిసిన ఒక సవరను తన ఇంటనే ఉంచుకొని, అతని నోట మాట విని ఒక్కొక్క మాటగా నేర్చుకొన్నారు. భాషాశాస్త్రం ఇక్కడి కళాశాలలలో పాఠ్యాంశంగా లేని రోజులవి. గ్రంథాలు తెప్పించుకొని, ధ్వనులను విడదీసి గుర్తించే విధానాన్ని స్వయంగా అభ్యసించారు. సవర తెలుగు కుటుంబానికి చెందిన భాష కాదు, ముండా భాషలలో ఒకటి. అందులో గొంతులో తటాలున నిలిచిపోయే కొన్ని ధ్వనులకు మన అక్షరమాలలో గుర్తులు లేవు. అక్షరం లేదు గనుక ధ్వని లేదని ఆయన అనుకోలేదు. ధ్వని ఉన్నది గనుక దానికి గుర్తు ఏర్పరచాలని నిశ్చయించారు. వాడేవానికి తగినట్టు సాధనాన్ని మలచడమంటే ఇదే.

ఆ పిమ్మట సవర భాషలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతాలు కూడ తామే చెల్లించారు. జీతం మీద బ్రతికే బడిపంతులు మరొక బడిపంతులుకు తన జీతంలోనుంచి జీతమివ్వడం ఆనాటికైనా ఈనాటికైనా వింతే. ప్రభుత్వం 1913లో బిరుదునిచ్చి సత్కరించింది. సవర భాషను గురించి ఆయన ఆంగ్లంలో రచించిన గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ముద్రించింది.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం ధనం మాత్రమే కాదు. మన్యంలో తిరిగినందువల్ల చలిజ్వరం పట్టుకొన్నది. దానికి మందుగా క్వినైను అమితంగా తీసుకొనవలసివచ్చింది. ఆ మందు వల్ల వినికిడి పోయింది. జీవితాంతం తిరిగి రాలేదు. ఇతరులు లెక్కచేయని మాటలను చెవి ఒగ్గి విన్న మనిషికి ఆ చెవులే లేకుండాపోయాయి. నోటిమాటకు గౌరవం సంపాదించిన మహోద్యమాన్ని ఒక చెవిటివారు నడిపించారన్న సంగతి మన విద్యార్థులు తెలుసుకొనదగినది.

సవర పిల్లల విషయంలో తెలుసుకొన్న సత్యం తెలుగు పిల్లలకు కూడ వర్తిస్తుందని ఆయన గుర్తించడానికి ఒక సందర్భం కలిగింది. 1907లో జె. ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. బడులను తనిఖీ చేస్తూ ఉంటే, జనం మాట్లాడే తెలుగు ఒకటిగాను, పుస్తకాలలోని తెలుగు వేరొకటిగాను ఆయనకు కనబడింది. ఈ తేడా ఎందుకని విశాఖపట్నంలో మిసెస్ ఎ. వి. ఎన్. కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి. టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. అయ్యంగారు ఈ ప్రశ్నకు తగిన సమాధానం చెప్పగలవారు గురజాడ, గిడుగు అని చూపించారు. అక్కడినుండి ఆ నలుగురూ ఒకటైనారు. దేశభాషలలో బోధన బాగుపడవలసిన అవసరాన్ని గురించి అయ్యంగారు 1909లో ఆంగ్లంలో ఒక పుస్తకమే ప్రకటించారు. ఈ విధంగా వ్యావహారిక భాషోద్యమానికి తొలి అంకురం విశాఖపట్నంలో మొలిచింది.

ఆనాటి పిల్లవాని కష్టం ఎటువంటిదో చిన్న ఉదాహరణ వల్ల తెలుసుకోవచ్చు. పులిని చూచాడు అన్న సంగతి చెప్పవలసివచ్చింది. గ్రాంథికంలో వ్రాసేటప్పుడు ‘చూచెను పులిని’ అన్నచోట సంధి కలిపి ‘చూచెఁ బులిని’ అని వ్రాయాలి. ఎనిమిదేళ్ల పిల్లవానికి పులి తెలుసు. కథలో విన్నాడు, బొమ్మలో చూచాడు. ‘బులి’ ఎవరో వానికి తెలియదు. ద్రుతమేదో, సరళాదేశమేదో, అరసున్న ఎక్కడ పెట్టాలో, బండి ఱ ఎక్కడ వ్రాయాలో ఆలోచించుకొనేలోగా పులి అడవిలోకి వెళ్లిపోతుంది. మనస్సుకు ఒకేసారి మోయగల బరువు ఇంత అని ఒక హద్దు ఉన్నది. ఆ బలమంతా మాట రూపం మీదనే ఖర్చయితే విషయానికి మిగిలేది శూన్యం. అప్పుడు పిల్లవానికి ఉన్న దారులు రెండే: అర్థం కాకపోయినా వల్లించడం, తప్పు వస్తుందేమోనని భయపడి నోరు మూసుకోవడం. ఈ రెండింటినీ పెద్దలు చదువు అనీ, వినయం అనీ పిలిచారు.

రామమూర్తిగారు ఈ కష్టాన్ని ఉపాధ్యాయుడుగా చూచారు. కాని ఆయన వాదం అక్కడ ఆగలేదు. అది ఒక న్యాయవిచారణగా మారింది. పండితులు పిల్లలను ఏ నియమాలకు లోబడమంటున్నారో ఆ నియమాలకు తాము లోబడుతున్నారా అని ఆయన అడిగారు. గ్రాంథికవాదులు వ్రాసిన పుస్తకాలను ఓపికతో పుట పుటా చదివి, వారి వ్యాకరణం ప్రకారమే వారి రచనలలో దొర్లిన దోషాలను పట్టిక వేసి చూపించారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అన్న గ్రంథం ఆ కృషి ఫలితమే. వైద్యులకే మందు ఇచ్చినట్టున్న ఆ పేరులోని చమత్కారం పండితులను నొప్పించింది. అయినా అందులోని ధర్మసూక్ష్మం కాదనలేనిది. జీవితమంతా వ్యాకరణంతో గడిపినవారు తప్పులేకుండా ఒక పుట వ్రాయలేనప్పుడు, ఆ తప్పుకే ఒక పిల్లవాని పరీక్ష పోగొట్టడం అధర్మం.

ఉద్యమం మొదట్లో కొంత ఫలించింది. సెట్టి లక్ష్మీనరసింహంగారు గ్రీకు పురాణ కథలను వాడుకభాషలో వ్రాశారు. 1912–13 ప్రాంతంలో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని ఏ భాషలోనైనా వ్రాయవచ్చునని ఉత్తర్వు వెలువడింది. దానితో గాలిదుమారం లేచింది. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన జయంతి రామయ్య పంతులుగారు ప్రతిఘటనకు నాయకత్వం వహించారు. చివరకు విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గింది. గురజాడవారు 1914లో తమ అసమ్మతిని విపులంగా వ్రాసి సమర్పించారు. మరుసటి సంవత్సరమే స్వర్గస్థులైనారు. పరీక్షలో పిల్లవానికి లభించిన వెసులుబాటు నిలువలేదు.

ప్రతిపక్షులను మూర్ఖులుగా భావించడం న్యాయం కాదు. వారి భయం నిజమైన భయమే. జిల్లాకొక మాట, కులానికొక యాస ఉన్న దేశంలో అందరినీ కలిపి ఉంచే సూత్రం గ్రాంథికమని వారు నమ్మారు. ఆ సూత్రం తెగితే నన్నయ తిక్కనలు రేపటి పిల్లలకు పరాయివారవుతారని శంకించారు. రామమూర్తిగారు ప్రాచీన కావ్యాలను త్రోసివేయమనలేదు. వాటిని లోతుగా చదివినవారిలో ఆయన ఒకరు. చదవడానికి పాతభాష కావాలి, వ్రాయడానికి నేటి భాష కావాలి అన్నదే ఆయన సిద్ధాంతం. ‘గద్య చింతామణి’లో వెనుకటి తరాలవారి వచనాన్ని సేకరించి, వాడుకమాట ఆనాడు కూడ గ్రంథాలలోకి వచ్చిందని నిరూపించారు. ‘బాలకవి శరణ్యం’లో కవుల ప్రయోగాలను ఉదాహరించి, వ్యాకర్తలు తప్పన్న రూపాలకు రక్షణ కల్పించారు.

1911లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత ఆయనకు విశ్రాంతి అన్నది లేకపోయింది. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను నడిపారు; అది ఒక సంవత్సరంపాటు సాగింది. అదే సంవత్సరం రాజమహేంద్రవరంలో వాడుకభాషను ప్రచారం చేసే సమాజం ఏర్పడగా, కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులైనారు. గ్రాంథికంలో తరగని కీర్తి గడించిన వృద్ధుడు తన వెనుకటి అభిప్రాయాన్ని మార్చుకొని ముందుకు రావడం ఉద్యమానికి ఎంతో బలమిచ్చింది. దురదృష్టవశాత్తు ఆ మే నెలలోనే వీరేశలింగంగారు దివంగతులైనారు. అప్పారావుగారు లేరు, వీరేశలింగంగారు లేరు; వినికిడి లేని రామమూర్తిగారు పుస్తకాల మూటతో ఊరూరా సభలకు తిరిగారు. 1925లో తణుకులో జరిగిన సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలసేపు ఉపన్యసించి, ఉదాహరణలమీద ఉదాహరణలు చూపి సభ్యులను ఒప్పించారు. ఎదుటివారి ఆక్షేపణ చెవిన పడదు. అందుచేత ఆక్షేపణలన్నిటినీ ముందే ఊహించుకొని సిద్ధపడి రావలసి ఉంటుంది. ఆ శ్రమ ఎంతటిదో ఉపాధ్యాయులైనవారు ఊహించగలరు.

1933లో శిష్యులు, అభిమానులు రాజమహేంద్రవరంలో ఆయన సప్తతి మహోత్సవాన్ని వైభవంగా జరిపారు. అదే సంవత్సరం విశాఖపట్నంలో క్రొత్తగా నిర్మించిన రేవు ప్రారంభమైంది. అంతకుముందు పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే నిలిచేవి. సరుకును పడవలలోకి దింపుకొని తేవలసివచ్చేది. అడుగు తవ్వి, కాలువ లోతు చేసి, ఓడ లోనికి వచ్చేటట్టు చేశారు. ఓడను కురచగా నరకలేదు. రామమూర్తిగారు తెలుగు విద్యకు చేసిన పని కూడ అటువంటిదే.

వార్ధక్యంలో ఆయనకు మరొక దెబ్బ తగిలింది. 1936లో ఒడిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. యాభై అయిదు సంవత్సరాలకు పైగా నివసించిన ఊరును విడిచి రాజమహేంద్రవరంలో కుమారుడు సీతాపతిగారి వద్దకు చేరుకొన్నారు. ఆ వయస్సులోను కలం ఆగలేదు. 1940 జనవరిలో పత్రికాసంపాదకులను ఉద్దేశించి తుది విన్నపం చేశారు. జనానికి వార్త తెలియజేసే పత్రిక జనానికి తెలిసిన భాషలో ఉండాలన్నది దాని సారాంశం. కొద్ది రోజులకే, ఆ నెల 22వ తేదీన, కన్నుమూశారు.

ఆయన నాటిన విత్తనం ఆలస్యంగా ఫలించింది. ఆయన శిష్యులైన తాపీ ధర్మారావుగారు పత్రికలలో వాడుకభాషను ప్రవేశపెట్టారు. తక్కిన పత్రికలు ఒక్కొక్కటిగా ఆ బాట పట్టాయి. 1970వ దశకం నాటికి విశ్వవిద్యాలయాలు కూడ పరిశోధన గ్రంథాలలో వ్యావహారికాన్ని అంగీకరించాయి. ఆయన జన్మదినమైన ఆగస్టు 29 ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం.

ఇంతటి విజయంలోను ఒక వెలితి మిగిలింది. రామమూర్తిగారు కోరినది శిష్టవ్యావహారికం, అనగా చదువుకొన్నవారి వాడుక. తరువాతి కాలంలో అది ప్రధానంగా కృష్ణా గోదావరి జిల్లాల శిష్టుల వాడుకగా స్థిరపడింది. తెలంగాణం పిల్లవానికి, రాయలసీమ పిల్లవానికి, ఆయన సొంత కళింగసీమ పిల్లవానికి కూడ పుస్తకంలోని వాడుక తన ఇంటి వాడుక కాలేదు. ఒక గుమ్మం వెడల్పు చేసినప్పుడు దాని వెనుక మరొక ఇరుకు గుమ్మం బయటపడింది. ఇది ఆయన సిద్ధాంతంలోని లోపం కాదు; దానిని చివరిదాకా నడపని మన లోపం. సవరల ఇంటిమాటకు పుస్తకంలో స్థానమిచ్చిన మనిషి ఏ పిల్లవాని మాటనూ మోటు అని త్రోసివేసి ఉండరు.

ఈనాటి విశాఖపట్నం ఆనాటి చిన్న పట్టణం కాదు. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం అక్కడ ఉన్నది. కొలిమి దగ్గరనో, క్రేను క్రిందనో పనిచేసేవానికి హెచ్చరిక చదివిన తక్షణం అర్థం కావాలి. అర్థం కావడానికి క్షణం ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. పింఛను కోసం బ్యాంకు యంత్రం ముందు నిలిచిన ముసలమ్మకు తెరమీది మాట తెలియకపోతే, పక్కనున్న అపరిచితుని చేతికి తన రహస్య సంఖ్యను అప్పగించవలసివస్తుంది. ఆ తెరమీద తెలుగు ఉండడం ఒక్కటే చాలదు. ఆమెకు తెలిసిన తెలుగు ఉండాలి. నిఘంటువులో నుంచి తెచ్చి అతికించిన బరువైన సంస్కృతపదం తెలుగులిపిలో కనబడినంత మాత్రాన అది ఆమెకు తలుపు తీయదు. అప్పుడు ఆమె సిగ్గుపడుతుంది; సిగ్గుపడవలసినవారు వేరొకరు.

తరగతిలో ఒక పిల్లవాడు పుస్తకం తెరచి బిత్తరపోయి చూచినప్పుడు ఉపాధ్యాయునికి రెండు మార్గాలున్నాయి. వాని తలమీద మొట్టవచ్చు. లేదా పుస్తకాన్ని చేతిలోకి తీసుకొని అది ఎక్కడ కరుస్తున్నదో చూడవచ్చు. రెండవ మార్గాన్ని ఎన్నుకొన్న ఒక బడిపంతులు వినికిడిని పోగొట్టుకొని, ఊరును విడిచి, తన పక్షం నెగ్గడాన్ని పూర్తిగా చూడకుండానే వెళ్లిపోయారు. ఆ మార్గం ఇంకా తెరచే ఉన్నది.